పాత పుస్తకాల బాకీ

సీరీస్ నవలలు రాసేవాళ్ళందరికీ ఒక తలనొప్పి ఉంటుంది. పుస్తకం మూసేసరికి పాఠకుడికి తృప్తిగా ఉండాలి, అలాగని కథ అయిపోకూడదు. చాలామంది దీన్ని కొత్త ఊరు, కొత్త విలన్, అదే పాత హీరో అనే పద్ధతిలో దాటేస్తారు. అందుకే పదో పుస్తకానికి వచ్చినా ఆ హీరోకి వయసూ రాదు, బుద్ధీ రాదు. ప్రేమకథయితే ఇబ్బంది రెట్టింపు. ఇద్దరూ కలిస్తే సీరీస్ ఆగిపోతుంది. కలవకపోతే చదివేవాడు విసిగిపోతాడు.

అమెరికన్ రచయిత్రి లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ ఈ చిక్కుని దాటిన తీరు వేరు. ఆమె కొత్త పుస్తకానికి కావలసిన సరుకు కోసం బయటికి వెళ్ళదు. పాత పుస్తకాల్లో తీరకుండా మిగిలిన బాకీలు వెతుకుతుంది. ఎవరికి దెబ్బ తగిలింది, ఆ దెబ్బ నిజంగా మానిందా? ఏ రహస్యం దాచారు, దాని ఖరీదు ఎవరు కట్టారు? ఏ పాత్రని నవ్వులపాలు చేసి వదిలేశాం? ఆ లెక్కలు తిరగేస్తే కొత్త నవల అక్కడే దొరుకుతుంది. ఈ పద్ధతి పండిన పుస్తకం 1999లో వచ్చిన 'ఎ సివిల్ కాంపైన్'. వోర్కోసిగన్ నవలల వరుసలో అది నికార్సైన ప్రేమకథ, నికార్సైన సైన్స్ ఫిక్షన్, పైగా పొట్ట చెక్కలయ్యే హాస్యం. జీవశాస్త్రమూ మర్యాదలూ కలిసిన కామెడీ అని రచయిత్రే దానికి ఉపశీర్షిక పెట్టుకుంది.

ముందు ఆవిడ గురించి రెండు మాటలు. 1949లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో పుట్టింది. తండ్రి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ ప్రొఫెసర్, వెల్డింగ్ నిపుణుడు. కొన్నేళ్ళు ఆసుపత్రి ఫార్మసీలో టెక్నీషియన్‌గా చేసింది. తర్వాత ఇద్దరు చిన్నపిల్లల్ని పెంచుకుంటూ ఇంటిపట్టున ఉండి రాయడం మొదలుపెట్టింది. 1985లో బేన్ బుక్స్ ఆమె మూడు నవలలు ఒకేసారి కొంది. మూడూ 1986లోనే వచ్చాయి. అప్పటినుంచి ఉత్తమ నవలకి హ్యూగో బహుమతి నాలుగుసార్లు గెలిచింది, అందులో మూడు ఈ సీరీస్‌వే. 2017లో హ్యూగో నిర్వాహకులు సీరీస్‌లకని ప్రత్యేకంగా బహుమతి ఇస్తే అదీ దీనికే వచ్చింది.

ఇక ప్రపంచం. బారయార్ అనే గ్రహం ఆరువందల ఏళ్ళ పాటు మిగతా మానవజాతితో సంబంధాలు తెగిపోయి ఒంటరిగా ఉండిపోయింది. ఆ కాలంలో అక్కడ గుర్రాలు, కత్తులు, జమీందారీలు, పరువు హత్యలు అన్నీ తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి దారి తెరుచుకుని అంతరిక్ష నౌకలూ, జన్యువైద్యమూ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఈ సమాజంలో, వైకల్యమంటే వణికిపోయే దొరల కులంలో, ఐదడుగులు కూడా ఎదగని, పెళుసు ఎముకల మైల్స్ వోర్కోసిగన్ పుట్టాడు. తల్లి కడుపులో ఉండగా విషవాయువు దాడి జరిగింది. విరుగుడు మందు పిండం ఎముకల్ని తినేసింది. పిండాన్ని తీసి కృత్రిమ గర్భంలో పెంచారు. 1986 నాటి మొదటి నవల 'షార్డ్స్ ఆఫ్ ఆనర్'లో ఆ కృత్రిమ గర్భాలు మొదటిసారి కనిపించేది యుద్ధపు లెక్కల మధ్య. బారయార్ సైనికులు బందీలైన స్త్రీలపై చేసిన అత్యాచారాలకు పుట్టబోయే పదిహేడు మంది పిల్లల్ని, శత్రుపక్షం యంత్రాల్లో పెట్టి, మీ పిల్లలు మీరే పెంచుకోండని తిరిగి పంపేస్తుంది. సైన్స్ ఫిక్షన్‌లో యంత్రం ఎందుకుండాలో ఆ ఒక్క ఘట్టం చెబుతుంది. యంత్రం వచ్చిందంటే దాచుకున్న పాపం ఎవరి గుమ్మంలో పడాలో అక్కడ పడుతుంది.

ఆవిడ రాసుకునే పద్ధతి ఇంటర్వ్యూల్లో ఎన్నోసార్లు చెప్పింది. రింగుల ఫైలు, తెల్లకాగితాలు, పెన్సిలు. మొదట ఆలోచనలన్నీ వరుస లేకుండా రాసి పడేస్తుంది. అవి పోగై మొదటి సన్నివేశం కళ్ళకు కట్టాక, ఆ ఒక్క అధ్యాయానికి మాత్రం పెన్సిల్‌తో ప్రణాళిక గీసుకుంటుంది. ఆ అధ్యాయం పూర్తిగా రాశాకే తర్వాతి అధ్యాయం సంగతి. నవల మొత్తానికి ముందే పటం గీసుకుని ఆ గీతల మీద నడిచే రకం కాదు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఈ మనిషికి జరగగల అన్నిటికన్నా పెద్ద ఆపద ఏమిటని తనను తానే అడుగుతుంది. ఎవరికైనా జరిగే ఆపద సంగతి కాదది. ఈ మనిషికే, వీడి గుణానికే తగిలే ఆపద. ఆ ప్రశ్నకి జవాబు దొరికితే కథ దొరికినట్టే.

ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి ఇలా నడిచే మనిషి, ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికీ అలాగే నడిచింది. 'మిర్రర్ డాన్స్' 1994లో వచ్చింది. అందులో మైల్స్ చచ్చిపోతాడు. అవును, హీరోయే. శవాన్ని మంచులో భద్రపరిచి, బాగుచేసి, బతికిస్తారు. మామూలు సీరీస్‌లో అయితే అంతటితో సరి, తర్వాతి పుస్తకంలో హీరో కాలర్ సర్దుకుని వచ్చేస్తాడు. బుజోల్డ్ ఆ చావుకి లెక్క కట్టింది. 1996 నాటి 'మెమరీ'లో అతనికి మూర్ఛలు వస్తుంటాయి. ఉద్యోగం పోతుందని భయపడి రిపోర్టులో అబద్ధం రాస్తాడు. అది బయటపడి, తన సర్వస్వం అనుకున్న రహస్య సైనిక వృత్తి ఊడిపోతుంది. పాఠకులు పదేళ్ళుగా ఏ సాహసాల కోసం ఈ పుస్తకాలు కొంటున్నారో ఆ సాహసాలనే ఆవిడ తీసి పక్కన పెట్టేసింది. అచ్చువాళ్ళు ఏమనుకున్నారో గానీ, నా లెక్కలో ఇది సీరీస్ మొత్తానికి పెద్ద తెగింపు. ఆ ఉద్యోగం ఉన్నంతకాలం అతను ప్రేమించిన స్త్రీలెవరూ బారయార్ మట్టి మీద కాపురం చేయడానికి ఒప్పుకోలేదు. అతను ఇంటికొచ్చి, చక్రవర్తి దగ్గర ఆడిటర్ హోదాలో కుదురుకుంటే తప్ప పెళ్ళి అన్న మాటకి అర్థం లేదు. ప్రేమకథకి కావలసిన చోటు ఆవిడ మూడేళ్ళ ముందే ఖాళీ చేసిపెట్టింది.

1998 నాటి 'కొమార్' ఒక నేరపరిశోధన. అధ్యాయం విడిచి అధ్యాయం ఇద్దరి చూపులోంచి సాగుతుంది. ఒకరు దర్యాప్తుకి వచ్చిన మైల్స్, రెండోవారు అతను బసచేసిన ఇంటి ఇల్లాలు ఎకటరిన్. మొగుడు టియెన్ కొట్టడు, తాగడు. రోజూ కొంచెం కొంచెంగా ఆమెను చిన్నది చేస్తుంటాడు, అంతే. తనకున్న జన్యువ్యాధిని ఊరికి తెలియనివ్వక, వైద్యమూ చేయించుకోక, ఆ భయంతో ఇల్లంతా నలిపేస్తుంటాడు. చివరికి శ్వాస మాస్కులో గాలి సరిచూసుకోకుండా బయటికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ సమయంలో గొలుసులతో కట్టేసి ఉన్న మైల్స్ పక్కనుండి చూడటం తప్ప ఏమీ చేయలేకపోతాడు. దర్యాప్తులో బయటపడిన కుట్ర వివరాలు రాజ్యరహస్యం కాబట్టి అన్నీ సీలు వేస్తారు. నవల చక్కగా ముగుస్తుంది, సామ్రాజ్యం గట్టెక్కుతుంది. దాన్ని గట్టెక్కించింది కూడా ఎకటరినే. కుట్రదారుల యంత్రాన్ని తన చేతులతో పగలగొట్టింది. మైల్స్ ఆ సమయానికి అక్కడ లేనే లేడు.

ఆ సీలే తర్వాతి పుస్తకంలో ఉరితాడవుతుంది. అందమైన వితంతువు, ఆమె వెంట తిరిగే దొర, ఆ దొర పక్కనే చచ్చిన మొగుడు. ఊరికి ఇంకేం కావాలి? మైల్సే చంపాడని గుసగుసలు మొదలవుతాయి. నిజం చెబితే రాజద్రోహం, చెప్పకపోతే హంతకుడు. ఒక పుస్తకంలో పరిష్కారంగా పనికొచ్చింది ఇంకో పుస్తకంలో ముడి అయ్యింది. ఏళ్ళ తరబడి సీరీస్ రాసేవాళ్ళు నేర్చుకోవలసిన పని ఇదే.

'ఎ సివిల్ కాంపైన్' ఎత్తుగడ చూడండి. ఎకటరిన్‌కి కొత్తగా వైధవ్యం, పెళ్ళంటే విరక్తి. తొందరపడితే బెదిరిపోతుందని మైల్స్ తన యుద్ధవ్యూహాలన్నీ బయటికి తీస్తాడు. ప్రేమ సంగతి ఆమెకి తప్ప అందరికీ చెబుతాడు. ఆమెకి తోటల రూపకల్పనంటే ప్రాణం కనుక, రాజధానిలో తన ఇంటి పక్క ఖాళీ స్థలంలో బారయార్ సొంత మొక్కలతో తోట వేయమని పని అప్పగిస్తాడు. ఆమె జీవితంలో మొదటి సంపాదన అది. పాత పుస్తకాలన్నిటిలో అతన్ని గెలిపించింది ఈ జిత్తులమారితనమే. శత్రువు కళ్ళు కప్పడం, నాలుగడుగులు ముందే ఆలోచించడం. ఈ మనిషికి జరగగల పెద్ద ఆపద ఏమిటన్న ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది. అతన్ని గెలిపించిన గుణమే అతన్ని ఓడించాలి.

ఓటమి వచ్చింది ఒక విందు అధ్యాయంలో, భోజనాల బల్ల దగ్గర. ఈ అధ్యాయాన్ని ఎవరైనా విప్పి చూడాలి. దాన్లో ఒక్క పురుగులు తప్ప కొత్తగా తెచ్చిపెట్టింది ఏదీ లేదు. మైల్స్ తమ్ముడు మార్క్ ఉన్నాడు. శత్రువులు తయారుచేసిన క్లోన్, 1989 నాటి 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్'లో హంతకుడిగా వచ్చినవాడు. ఇప్పుడు వ్యాపారంలో దిగి, ఎన్రీకే అనే పిచ్చి శాస్త్రవేత్తని వెంటేసుకొచ్చాడు. ఆ శాస్త్రవేత్త పురుగులు ఏ చెత్తనైనా తిని వెన్నలాంటి పదార్థాన్ని కక్కుతాయి. ఆ వెన్న ఎక్కడినుంచి వచ్చిందో బల్ల మీద అందరూ తింటుండగా తెలిసిపోతుంది. మార్క్‌కీ అతను ప్రేమించిన కరీన్ అనే అమ్మాయికీ మధ్య బీటా కాలనీ అనే పరాయి గ్రహంలో జరిగిన సంగతి పిల్ల తల్లిదండ్రులకి అప్పుడే తెలుస్తుంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొట్టింది సైమన్ ఇలియన్. ఒకప్పుడు గూఢచారి శాఖ అధిపతి, తలలో అమర్చిన చిప్‌తో ఏదీ మరిచిపోలేని మనిషి. 'మెమరీ'లో ఆ చిప్ చెడిపోయింది, తీసేశారు. ఇప్పుడు పాపం, ఏది రహస్యమో ఏది కాదో గుర్తుండదు. మైల్స్ ప్రేమ వ్యవహారం గురించి ఎకటరిన్ ముందే మామూలుగా నోరు జారతాడు. మూడేళ్ళ కింద విషాదంగా రాసిన గాయం ఈ పూట హాస్యపు గురిగా పనిచేసింది. ఇలియన్ మీద పగగానీ, అతనిది తప్పనిగానీ అనిపించదు. అతను అలా కాక ఇంకోలా ఉండలేడని మనకి ముందే తెలుసు.

కంగారులో మైల్స్ నిండు సభలో పెళ్ళి చేసుకోమని అడిగేస్తాడు. ఎకటరిన్ లేచి వెళ్ళిపోతుంది. తలుపు తీస్తే గుమ్మంలో అప్పుడే ప్రయాణం నుంచి దిగిన మైల్స్ తల్లిదండ్రులు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుండగా, ఆమె బాధ ఏమిటో బుజోల్డ్ చెబుతుంది. ప్రేమించాడని కాదు కోపం. తన పని నచ్చి తోట అప్పగించాడా, తను నచ్చి అప్పగించాడా? ఇది వరకటి మొగుడు ఆమె చేసే ప్రతిదాన్నీ తీసిపారేసేవాడు. మొట్టమొదటిసారి ఎవరో తన పనికి విలువ కట్టారనుకుంటే, అదీ ఎత్తుగడేనా? ఈ ఒక్క ముల్లు కనుక లేకపోతే ఆ అధ్యాయం మంచి ఫార్సుగా మిగిలిపోయేది.

తర్వాత ఉత్తరం. మైల్స్ రాత్రంతా చిత్తుప్రతులు రాస్తాడు, చింపేస్తాడు. మనం అతని పక్కనే ఉంటాం, కానీ చివరికి పంపిన ఉత్తరం మాత్రం మనకి చూపించరు. అది ఎకటరిన్ చేతికి అందాక, ఆమె చదువుతున్నప్పుడే మనమూ చదువుతాం. ఈ చిన్న మార్పు చేసిన పని చూడండి. అతని గదిలోనే చదివించి ఉంటే అది మంచి ఉపన్యాసం అయ్యేది. ఆమె చేతిలో చదివించారు కాబట్టి పంక్తి పంక్తికీ ఆమె ముఖం చూస్తాం. అందులో అతను పశ్చాత్తాపంతో పాటు ఇంకోటి ఒప్పుకుంటాడు. ఆమె తనంతట తాను గెలుచుకోవలసిన గెలుపుని తాను బహుమతిగా ఇవ్వబోయి దొంగిలించబోయానని. సేనాధిపతి తన వ్యూహం ఎందుకు తప్పో విశ్లేషించే భాషలోనే ప్రేమలేఖ నడుస్తుంది. అతను వేరే భాషలో రాసి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

ప్రేమని కాసేపు పక్కన పెట్టి దాని కింద ఉన్న గణితం చూడాలి. బయటి ప్రపంచం నుంచి పిల్లల లింగం ఎంచుకునే సాంకేతికత వచ్చినప్పుడు బారయార్ తల్లిదండ్రులు కొడుకుల్ని ఎంచుకున్నారు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి పెళ్ళీడు కుర్రాళ్ళకి అమ్మాయిలు దొరకడం లేదు. ఎకటరిన్ వెంట అంతమంది పడుతున్నారంటే, పెళ్ళిళ్ళ పేరమ్మలు ఆమె పెద్దల గుమ్మం తొక్కుతున్నారంటే అందుకే. లింగనిర్ధారణ పరీక్షలను నిషేధిస్తూ 1994లో చట్టం తెచ్చుకున్న దేశంలో కూర్చుని చదివేవాళ్ళకి ఈ భాగం కల్పనలా అనిపించదు. ఇదే జబ్బుకి ఇంకో కొస వోర్ముయిర్ ప్రభువు. జిల్లా జనాభా పెంచుకోవడానికి కృత్రిమ గర్భాల్లో వందకు పైగా ఆడపిల్లల్ని పుట్టించుకున్నాడు. ఏ చట్టం కింద పట్టుకోవాలో ఎవరికీ తోచదు. ఎకటరిన్ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పాత ఆచారం ప్రకారం ఆ పిల్లలందరికీ తండ్రి కట్నాలు ఇవ్వాలి. చక్రవర్తి ఆజ్ఞ వేస్తే ఆ దొర దివాలా తీస్తాడు. కట్నం ఒక న్యాయమైన పనికి ఉపయోగపడటం ఏ సాహిత్యంలోనైనా అరుదే.

పుస్తకం అంకితంలో జేన్, షార్లట్, జార్జెట్, డొరతీ అని నాలుగు పేర్లు ఉంటాయి, ఇంటిపేర్లు లేకుండా. మొదటిది ఆస్టెన్, రెండోది బ్రాంటీ, మూడోది హేయర్. నాలుగోదైన డొరతీ సేయర్స్ తన లార్డ్ పీటర్ నవలల్లో 1930 నుంచి 1937 దాకా ఒక ప్రేమని నాలుగు పుస్తకాల మీద నడిపింది. పెళ్ళికి ఒప్పుకునేలోపు ఆ కథల నాయిక హారియెట్ తన పని, తన బుద్ధి, తన గౌరవం ఎక్కడ నిలబడతాయో తేల్చుకుంటుంది. ఎకటరిన్ ఆ అమ్మాయికి చెల్లెలే. బుజోల్డ్ వాళ్ళను అనుకరించింది అనడం తప్పు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ మర్యాదలు నడవడానికి ఎలాంటి సమాజం ఉండాలో అలాంటి సమాజాన్ని 1986లో వేరే అవసరానికి కట్టుకుంది, 1999లో వాడుకుంది.

2008లో డెన్వర్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభకి గౌరవ అతిథిగా వెళ్ళినప్పుడు ఆవిడ ఒక విషయం తేల్చి చెప్పింది. ప్రేమకథలు ప్రేమ గురించిన కలలు, అపరాధ పరిశోధన న్యాయం గురించిన కల, సైన్స్ ఫిక్షన్ రాజకీయ శక్తి గురించిన కల. అందుకే ఒకదాని పాఠకులకి ఇంకోటి రుచించదు. ఈ నవల ముగింపు ప్రేమ కలనీ, రాజకీయ శక్తి కలనీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. ప్రభువుల సభలో ఓటు జరుగుతోంది. స్త్రీగా పుట్టి, వారసత్వం కోసం బీటా కాలనీలో పురుషుడిగా మారివచ్చిన డోనోకి పదవి దక్కాలా వద్దా అన్నది వివాదం. ప్రత్యర్థి రిచర్స్ మైల్స్ మీద హత్య పుకారు విసురుతాడు. ప్రేక్షకుల గ్యాలరీ నుంచి ఎకటరిన్ లేచి, అందరూ వింటుండగా, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని మైల్స్‌ని తనే అడుగుతుంది. పుకారు చచ్చిపోతుంది, ఓటు తిరుగుతుంది, ప్రేమ గెలుస్తుంది. మొదటిసారి నిండు సభలో అతను అడిగాడు, ఇప్పుడు నిండు సభలో ఆమె.

లోపాలు లేవని కాదు. రిచర్స్ మరీ తేలిగ్గా పడిపోయే విలన్. ఐదుగురి చూపులోంచి కథ చెప్పడం వల్ల మైల్స్ చుట్టం ఐవన్ అధ్యాయాలు కొన్నిచోట్ల కాళ్ళీడుస్తాయి. కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్ళకి పేర్లే పది పేజీల గందరగోళం. 2016 నాటి 'జెంటిల్‌మన్ జోల్ అండ్ ద రెడ్ క్వీన్' కూడా ప్రేమకథే, వయసు మళ్ళినవాళ్ళది, ప్రశాంతమైనది. కానీ అందులో కట్టవలసిన బాకీలు తక్కువ. అందుకే నాకు చప్పగా అనిపించింది. 2012 నాటి 'కెప్టెన్ వోర్పాట్రిల్స్ అలయన్స్'లో ఐవన్ ముందు పెళ్ళి చేసుకుని తర్వాత ప్రేమలో పడతాడు. మన సినిమాలు చూసినవాళ్ళకి కొత్తేం కాదు, బాగానే నవ్విస్తుంది.

మైల్స్ పెళ్ళి సంగతి మాత్రం చెప్పాలి. పాఠకులు ఎదురుచూసిన ఆ ఘట్టాన్ని 2004లో 'వింటర్‌ఫెయిర్ గిఫ్ట్స్' అనే పెద్దకథలో రాసింది. వధూవరుల చూపులోంచి కాదు, రోయిక్ అనే కుర్ర అంగరక్షకుడి చూపులోంచి. 'ఎ సివిల్ కాంపైన్'లో పురుగుల వెన్న యుద్ధం జరిగినప్పుడు ఒంటి మీద సరిగా బట్టలు లేకుండా, ఆ వెన్న పూసుకుని, అందరి ముందూ నవ్వులపాలైనవాడు అతనే. ఆ అవమానం ఇంకా లోపల సలుపుతుంటే పెళ్ళింట కాపలా కాస్తుంటాడు. అంతకుముందు మనం పగలబడి నవ్విన నవ్వుకి కూడా ఆవిడ లెక్క రాసిపెట్టుకుంది.

ఒక్క 'ఎ సివిల్ కాంపైన్' మాత్రమే తెచ్చుకుని మొదలుపెట్టకండి. కనీసం 'మెమరీ', 'కొమార్' చదివాక దీన్ని తెరవండి. ఓపిక ఉంటే 1986 నుంచే రండి. విందు అధ్యాయం మాత్రం ఇంట్లో అందరూ పడుకున్నాక చదవకండి, మీ నవ్వుకి లేస్తారు.